చెట్లు చూడ్డానికి అంత దూరం వెళ్ళాలా?



పోయిన కార్తీకమాసంలో మన గురుకులం నుంచి ఒకరోజు విహారయాత్రకి అరకు పద్మాపురం తోటకి వెళ్ళొచ్చాం కదా. దాని గురించి ఎవరైనా మంచిగా రాస్తారని రెండు సంచికలు ఎదురు చూశాను. ఒక కవిత వచ్చింది, ఒక బొమ్మ వచ్చింది. బొమ్మలో చిన్న రైలు ఉంది, రైల్లో మనం ఉన్నాం, చెట్టు మాత్రం ఒక్కటీ లేదు. బొమ్మ బాగానే ఉంది, గీసినవాడు నా పక్క మంచం వాడే, కోప్పడడు. కానీ మనం వెళ్ళింది చెట్లు చూడ్డానికి. అందుకని నేనే రాస్తున్నాను. నా మాట నచ్చకపోతే కింద రాయండి.

ముందు నా తప్పు నేను ఒప్పుకుంటాను. నోటీసు బోర్డు మీద ‘వృక్షవన సందర్శన’ అని రాసిన రోజు గట్టిగా నవ్విన వాళ్ళల్లో నేనొకణ్ణి. “చేపని పట్టుకెళ్ళి చెరువు చూపిస్తారంటరా” అని అన్నది కూడా నేనే. పొద్దున లేస్తే చెట్టు, బడి వెనక చెట్టు, సెలవులకి ఇంటికి పోతే దారి పొడుగునా చెట్లు. మళ్ళీ చెట్లు చూడ్డానికి బస్సు కట్టించుకుని పోవాలా? టిక్కెట్టు కొనాలా? మా బ్యాచి అంతా విశాఖపట్నం అడిగాం. సముద్రం, జూ, బీచి దగ్గర కురుసుర సబ్‌మెరైను. అర్జీ కూడా రాసి ఇరవై ఎనిమిది సంతకాలు పెట్టించాం. వార్డెన్ గారు అర్జీ చదివి, అక్షర దోషాలు మూడు దిద్ది, తిరిగి ఇచ్చేశారు.

తెల్లారి అయిదింటికి చన్నీళ్ళ స్నానం, పులిహోర పొట్లాలు, ఉడికించిన గుడ్లు, ఇవన్నీ మీకు తెలిసినవే. హుకుంపేట దాటి డుంబ్రిగూడ వైపు పోతుంటే రోడ్డుకి రెండు పక్కలా వలిసెలు పూసి పసుపుగా ఉన్నాయి. ఆ చేలల్లో టౌను నుంచి వచ్చినవాళ్ళు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. మా నాన్న వలిసెలు వేసేది నూనె గింజలకి. పువ్వు మీద నిలబడి ఫొటో దిగొచ్చని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. బస్సులో అందరం నవ్వుకున్నాం. కానీ తర్వాత ఆలోచిస్తే, వాళ్ళు కనీసం ఆగి చూశారు అనిపించింది. మేం ఎప్పుడు ఆగాం?

ఇక తోట సంగతి. పద్మాపురం తోట ఇప్పుడు పూలతో, చెట్ల మీద కట్టిన గుడిసెలతో, చిన్న రైలుతో ఉంది గాని, మొదలుపెట్టింది అందుకు కాదు. రెండో ప్రపంచయుద్ధం జరుగుతుండగా 1942లో సైనికులకి కూరగాయలు పండించి పంపడానికి వేసిన తోట అది. చల్లని ఊరు కనక కూరలు బాగా పండేవి. యుద్ధం అయిపోయింది, సైనికులు పోయారు, తోట మిగిలింది. ఈ ముక్క మాస్టారు గేటు దగ్గరే చెప్పారు. అప్పటికే సగంమంది రైలు వైపు పరుగెత్తారు కనక వినలేదు.

చెట్లని వరసగా పెంచి, పేర్లు గుర్తుపెట్టి, చదువుకోవడానికీ చూడ్డానికీ ఉంచిన తోటని ఇంగ్లీషులో ఆర్బొరేటం అంటారట. ఆర్బర్ అంటే లాటిను భాషలో చెట్టు. పూలతోట వేరు, అడవి వేరు, ఇది వేరు. అడవిలో చెట్టు తన చోటు తానే చూసుకుంటుంది. ఇక్కడ ఒక మనిషి దానికి చోటిచ్చి, పేరు రాసి, ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క పెట్టుకుంటాడు. ఒక్క మాటలో చెప్పాలంటే మన హాజరు పట్టీలాంటిది.

హాజరు పట్టీ అన్నాను కదా, నాకు బాగా నచ్చిన సంగతి అదే. మధ్యాహ్నం పులిహోర తినేటప్పుడు సైన్సు మాస్టారు శాస్త్రీయ నామాల గురించి చెప్పారు. పుస్తకంలో ఆ పాఠం వస్తే మనం కళ్ళు మూసుకుంటాం. స్వీడన్ దేశంలో లిన్నేయస్ అనే ఆయన 1753లో ఒక పెద్ద పుస్తకం వేసి, లోకంలోని మొక్కలన్నిటికీ రెండేసి మాటల పేర్లు పెట్టే పద్ధతి తెచ్చాడు. మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి. ఇది బట్టీ పడితే రాదు. మాస్టారు ఏమన్నారంటే, “ఒరేయ్, మొదటిది ఇంటిపేరు, రెండోది సొంతపేరు. మీ రిజిస్టరులో ఎలా ఉందో అలాగే” అన్నారు. అంతే, ఒక్కసారిగా అర్థమైపోయింది.

మనలో కిల్లో వాళ్ళున్నారు, కొర్రా వాళ్ళున్నారు, పాంగి వాళ్ళున్నారు. కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద అని పెద్దవాళ్ళు చెబుతారు. ఒక ఇంటిపేరు వాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా అన్నదమ్ముల కిందే లెక్క. చెట్లలో టెర్మినేలియా అని ఒక ఇంటిపేరు ఉంది. కరక్కాయ చెట్టు టెర్మినేలియా చెబ్యులా. తానికాయ చెట్టు టెర్మినేలియా బెల్లిరికా. ఏటి ఒడ్డున ఉండే తెల్లమద్ది టెర్మినేలియా అర్జున. నల్లమద్ది కూడా ఆ ఇల్లే. కాయ చూస్తే ఒకదానికొకటి పోలిక లేదు, ఆకు చూస్తే అంతంతమాత్రం, కానీ నలుగురూ ఒక్క కొంప మనుషులు! త్రిఫల చూర్ణంలో కరక, తాని, ఉసిరి మూడూ కలిపి నూరతారు కదా, అందులో ఇద్దరు అన్నదమ్ములు, ఉసిరి బయటి మనిషి. ఉసిరి ఇంటిపేరు ఫిల్లాంతస్. ఇంకో వింత చూడండి, మనం తొక్కుకుంటూ పోయే నేల ఉసిరి, అంత చిన్న మొక్క, ఆ పెద్ద ఉసిరి చెట్టు ఇంటిపేరుదే. ఇది విన్నాక మా వాడొకడు “అయితే కరకకీ తానికీ పెళ్ళి చెయ్యకూడదు మాస్టారూ” అన్నాడు. మాస్టారు నవ్వి నవ్వి నీళ్ళు తాగారు.

ఇప్పుడు చెప్పండి, ఈ కరక్కాయలు ఏరి సంతలో జీసీసీ వాళ్ళకి అమ్మని ఇల్లు మనలో ఎన్ని ఉన్నాయి? 1956 నుంచి గిరిజన సహకార సంస్థ మన దగ్గర కరక్కాయ, కుంకుడుకాయ, తపసి బంక, తేనె, చింతపండు కొంటూ వచ్చింది. మా అవ్వ చేతితో పట్టుకుని తూకం చెప్పగలదు. అయినా నేను సైన్సు పరీక్షలో ప్రజాతికి ఉదాహరణ రాయమంటే ఆవాల మొక్క రాశాను, అదీ తప్పు రాశాను. చెరువు చూడని చేప ఎవరో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

రెండో దెబ్బ సిల్వరోకు దగ్గర తగిలింది. మా కాఫీ తోటలో సిల్వరోకు చెట్లు ఉన్నాయి. నేను పుట్టకముందు నుంచి ఉన్నాయి. ఎక్కి మిరియాలు కోశాను, కిందపడ్డాను కూడా, మోచేతి మీద మచ్చ ఉంది. అది మన కొండ చెట్టే అనుకున్నాను. దాని సొంత ఊరు ఆస్ట్రేలియా తూర్పు తీరమట! దాని కింద ఉన్న కాఫీ ఇథియోపియా కొండలది. దాని మీదికి పాకిన మిరియం తీగ మలబారుది. మా అరెకరం చెక్కలో మూడు దేశాల చుట్టాలు కాపురం ఉంటున్నారు, మన్యం మట్టి ఒక్కటే మాది. 2019లో అరకు వ్యాలీ అరాబికా అని మన కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అందులో ఆ మట్టికీ చలికీ వాటా ఉంది, మా నాన్న నడుముకీ ఉంది.

ఇది విన్న వెంటనే పదో తరగతి అన్న ఒకాయన బస్సులో లేచి, “అయితే పరదేశీ చెట్లన్నీ పీకెయ్యాలి, మనవి మాత్రమే ఉంచాలి” అని ఉపన్యాసం ఇచ్చాడు. చప్పట్లు కొట్టారు కూడా. నేను ఒప్పుకోను. చింతచెట్టు ఆఫ్రికాది. సీతాఫలం, బొప్పాయి, జీడిమామిడి, మిరపకాయ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. అన్న మాట వింటే రేపటి నుంచి మన మెస్సులో చారు ఉండదు, పచ్చడి ఉండదు. చింతచెట్టు కింద కూర్చుని పంచాయితీ తీర్చే పెద్దల్ని లేపి ఇది మనది కాదు అని చెప్పే ధైర్యం ఉందా అన్నకి? వచ్చిన చెట్టుని వెళ్ళగొట్టమని నేననను. కానీ వచ్చినవాటి పేర్లు మాత్రమే తెలిసి, ఉన్నవాటి పేర్లు మరిచిపోతే ఎలా అన్నదే నా బాధ. మర్నాడు మాస్టారు చూసిన చెట్ల పేర్లు పది రాయమంటే, తొమ్మిదో తరగతిలో అందరం సిల్వరోకు, యూకలిప్టస్ రాశాం. ఏగిస ఎవరూ రాయలేదు, తునికి ఎవరూ రాయలేదు, ఇప్ప ఇద్దరు రాశారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను.

తోటలో ఒక పక్క నడుస్తుంటే జీలుగు చెట్టు కనబడింది. (కల్లు మాట ఎత్తుతున్నానని వార్డెన్ గారు కోప్పడవద్దు, ఇది వృక్షశాస్త్రం.) అక్కడ పనిచేసే తోటమాలి ఒకాయన మన పిల్లల్ని చూసి, “ఈ చెట్టు ఏంటో చెప్పండి చూద్దాం” అన్నాడు. మేం పెద్దవాళ్ళం నోరు తెరిచేలోపు ఆరో తరగతి చెల్లి ఒకమ్మాయి ముందుకి వచ్చి చెప్పింది. తెలుగులో కాదు. వాళ్ళ ఇంట్లో మాట్లాడే కువి భాషలో చెప్పింది. చెప్పి ఆగకుండా, వాళ్ళ తాత చెట్టు గురించి సగం కువి, సగం తెలుగు కలిపి ఏదో మొదలుపెట్టింది.

మేం నవ్వాం. ఎవరో ఆ మాటని వెక్కిరింపుగా మళ్ళీ అన్నారు. ఇంకొకరు అన్నారు. నేనూ అన్నాను. ఆ చెల్లి ఆగిపోయింది. తోటమాలి మాత్రం నవ్వలేదు. “మా ఇంట్లోనూ అదే అంటారమ్మా” అని చెప్పి పార పట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాత సాయంత్రం దాకా ఆ చెల్లి ఒక్క మాట మాట్లాడలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది.

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మా తాతని అడిగాను, జీలుగు చెట్టు గురించి ఏం తెలుసు అని. తాత ఇలా చెప్పాడు. జీలుగు ఏళ్ళకేళ్ళు పూయదు, ఊరకే పెరుగుతుంది. పెరగడం అయిపోయాక మొట్టమొదటి పూత చెట్టు నెత్తిన వస్తుంది. ఆ తర్వాతి గెల దాని కింద, ఆ తర్వాతిది ఇంకా కింద. అలా పైనుంచి కిందికి దిగుతూ వస్తుంది. అన్నిటికంటే కింది గెల అయిపోయిందంటే చెట్టు చచ్చిపోతుంది. కనక గెల ఏ ఎత్తులో ఉందో చూసి ఆ చెట్టు ఇంకా ఎన్నేళ్ళు ఇస్తుందో ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. ఇంట్లో పంపకాలప్పుడు ఎవరికి ఏ చెట్టు అని తేల్చేటప్పుడు ఆ లెక్క చూస్తారట.

సెలవుల తర్వాత ఇది మాస్టారికి చెబితే ఆయన కుర్చీలోంచి లేచారు. ఇది నిజమే, కారియోటా యురెన్స్ అనే ఆ చెట్టు అలాగే పూస్తుందని, పుస్తకాల్లో కూడా ఉందని చెప్పారు. అప్పుడు నేను ఆ చెల్లి దగ్గరికి వెళ్ళి, “ఆ రోజు నువ్వు చెప్పబోయింది ఇదేనా?” అని అడిగాను. తల ఊపింది. మేం నవ్వకుండా ఉంటే, ఆ రోజే అరవైమందికి ఆ సంగతి తెలిసేది. నాకు రెండు నెలలు పట్టింది. మిగిలిన వాళ్ళకి ఇప్పటికీ తెలియదు, ఈ గోడ దగ్గర ఆగి చదివితే తప్ప.

పరీక్షలో కువి పేరు రాస్తే మార్కులు రావు కదా అని మీరంటారు. నిజమే, రావు. కానీ ఒక సంగతి వినండి. విలియం రాక్స్‌బర్గ్ అని స్కాట్లాండు డాక్టరు ఒకాయన 1781 నుంచి సామర్లకోటలో ఉండి అక్కడ ఒక తోట వేశాడు. చుట్టుపక్కల చెట్లూ మొక్కలూ సేకరించి, మన దేశం చిత్రకారుల చేత బొమ్మలు గీయించి, వాటి పక్కన తెలుగు పేర్లు రాయించుకున్నాడు. 1793లో కలకత్తా తోటకి పెద్దగా వెళ్ళాడు. 1795 నుంచి ఆ బొమ్మల పుస్తకాలు లండన్‌లో అచ్చయ్యాయి. మన సర్కారు కొండల్లో సోమిద అనే చెట్టు ఉంది. ఆ చెట్టుకి ఇవాళ లోకమంతా వాడే శాస్త్రీయ నామం సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. ఇంటిపేరు అచ్చంగా మన సోమిదే! ఫెబ్రిఫ్యూగా అంటే జ్వరాన్ని తరిమేది అని. (జ్వరం వస్తే బెరడు నమలమని నేను చెప్పడం లేదు. నర్సమ్మ దగ్గరికి వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోవాలి.) రాక్స్‌బర్గ్ దొరకి ఆ పేరు కల్లో రాలేదు. ఎవరో చెప్పే ఉంటారు. ఆ చెప్పినవాణ్ణి చూసి పక్కనున్నవాళ్ళు నవ్వి ఉంటే, అతను ఊరుకుని ఉంటే, ఆ చెట్టుకి ఇంకేదో పేరు ఉండేది.

మన బడిలో కువి మాట్లాడేవాళ్ళు ఉన్నారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ళు ఉన్నారు, కొండదొరలు, గదబలు, పోర్జాలు ఉన్నారు. ఒక్కో చెట్టుకి మన డార్మెటరీలోనే నాలుగైదు పేర్లు దొరుకుతాయి. అంత పెద్ద తోటలో కూడా దొరకని సొత్తు ఇది. మనమేమో లైటు ఆర్పాక దుప్పట్లో మాత్రమే మన భాష మాట్లాడుకుంటాం.

వార్డెన్ గారికి నా మనవి ఇది. వచ్చే సంవత్సరం విశాఖపట్నం తీసుకెళ్ళండి, సముద్రం చూడాలని నాకు ఇప్పటికీ ఉంది, ఆ సంతకం నేను వెనక్కి తీసుకోను. కానీ దానికంటే ముందు మన బడి ఆవరణనే ఒక చిన్న వృక్షవనం చేద్దాం. ఖర్చు పెద్దగా లేదు. గేటు నుంచి వంటశాల వెనక దాకా నేను రెండు ఆదివారాలు తిరిగి లెక్కపెట్టాను. మొత్తం 57 చెట్లు ఉన్నాయి. అందులో 19 చెట్ల పేర్లు నాకు తెలియవు. గోడ మీద ‘చెట్లు ప్రగతికి మెట్లు’ అని పెద్ద అక్షరాలతో రాసుకున్నాం, ఆ గోడని ఆనుకుని ఉన్న చెట్టు ఏంటో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. పోయిన ఏడాది స్నానాల గదుల వెనక ఒక చెట్టు కొట్టేశారు, గుర్తుందా? అందరం చూస్తూ నిలబడ్డాం. కొట్టాక రాత్రి కాపలా తాత వచ్చి, “అయ్యో, తాని చెట్టు కదర్రా” అన్నాడు. ఏదో చెట్టు అంటే ఎవరూ అడ్డం రారు. తాని చెట్టు అంటే కనీసం ఒకడైనా “ఎందుకు?” అని అడిగేవాడేమో.

మెస్సులో ఖాళీ అయిన నూనె డబ్బాల రేకులు ఉన్నాయి. వాటిని కత్తిరించి, పెయింటు వేసి, శాస్త్రీయ నామం, తెలుగు పేరు, కింద మన భాషల్లో పేర్లు రాద్దాం. మేకులు కొట్టొద్దు, చెట్టుకి గాయమవుతుంది. కర్రకి బిగించి మొదట్లో పాతితే చాలు. శాస్త్రీయ నామాలు మాస్టారు చెబుతామన్నారు. తెలుగు పేర్లు కాపలా తాతకి తెలుసు. మిగిలినవి మన దగ్గరే ఉన్నాయి, సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు అవ్వనో తాతనో అడిగి రాసుకుని రావాలి. పదో తరగతి వాళ్ళకి చదువు పాడవుతుందని ఎవరైనా అంటే వాళ్ళని వదిలేద్దాం, తొమ్మిది, ఎనిమిది చాలు. తెలుగు అక్షరాల్లో ఆ పేర్లు సరిగా పడవని కూడా ఒక అక్క అంది. పడినంత వరకు రాద్దాం, మిగతాది నోటితో చెప్పి నేర్పుకుందాం.

ఈ కాగితం కింద ఇంకో తెల్ల కాగితం అతికించాను, చూడండి. గీతలు కొట్టి ఉంచాను. మొదటి గడిలో జీలుగు. దాని పక్కన కువి పేరు ఆ చెల్లే తన చేత్తో రాసింది. తన పేరు మాత్రం రాయొద్దంది, అందుకే రాయలేదు. ఆ రోజు నవ్విన వాళ్ళం ఎవరమో మాకు తెలుసు. ముందుగా మేమే తలా ఒక చెట్టు పేరు తెచ్చి నింపాలని అనుకున్నాం. రెండో గడి నాది, ఇప్ప. మా అవ్వనడిగి రాశాను.

పెన్సిల్ దారంతో కట్టి ఉంది. దయచేసి ఎవరూ తెంపుకుపోకండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థి